రెక్కలో భరిణె

లిలువా,
జూన్ 9

రోజా తల్లికి,

చెల్లీ, నీ అప్ప దీవెనలు. పోయిన వారం నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. మూడుసార్లూ ఎత్తాను. రేకు డబ్బాలో కందిరీగ తిరిగినట్టు వినిపించింది తప్ప ఒక్క మాటా తెలియలేదు. ముప్పై ఏళ్ళు రైల్వే వర్క్‌షాపులో రివెట్ల మధ్య నిలబడ్డ చెవులు ఇవి. చెవి మిషను పెట్టుకుంటే చప్పుడు పెరుగుతోంది, మాట పెరగడం లేదు. ఎదురుగా మనిషి పెదవులు కనిపిస్తేనే మాట అందుతోంది. ఇకమీదట ఉత్తరాలే రాసుకుందాం. అమ్మ మనిద్దరి చేతా పలక మీద దిద్దించిన అక్షరాలు ఉన్నాయి కదా.

ఒక కొత్త సంగతి. నేను మళ్ళీ పనికి వెళ్తున్నాను. ఉద్యోగం కాదు, సేవ అనుకో.

ఇక్కడే కలకత్తా శివార్లలో, టీటాగఢ్‌లో ఒక మూతపడ్డ జనపనార మిల్లు ఉంది. దాని పెద్ద గోదాములో ఒక విమానాన్ని బాగు చేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబుల విమానం. లిబరేటర్ అని పేరు. ఏదో కాలేజీ వెనక నలభై ఏళ్ళు వానలో పడి ఉందట. సన్యాల్ బాబు అని ఎనభై ఏళ్ళ ఆయన దాన్ని తెప్పించి పన్నెండేళ్ళుగా అతుకుతున్నాడు. వయసులో ఉండగా వైమానిక దళంలో ఇలాంటి వాటికే మరమ్మతులు చేసేవాడట. ఇది ఎగరదు. దాని నాలుగు ఇంజన్లూ మళ్ళీ తిరగాలి, అంతే ఆయన కోరిక.

మన వర్క్‌షాపులో రివెట్లు కొట్టిన నిమాయ్ అక్కడ చేరాడు. ఇప్పుడు వాగన్లన్నీ వెల్డింగే, రివెట్ తెలిసినవాళ్ళు దొరకడం లేదు. అందుకని నన్ను పిలిచాడు. వాగన్ రివెట్టు నిప్పులా కాలి వచ్చేది. ఇక్కడివి చల్లటివి, మీ జీడిపలుకంత. పని మాత్రం అదే. బయట నిమాయ్ రివెట్ గన్నుతో కొడతాడు. రేకుకి లోపలివైపు నేను డాలీ పట్టాలి. డాలీ అంటే గుర్తుందా, నాన్న ఇంటికి తెచ్చి చూపించిన ఉక్కు దిమ్మ. ఒకరికొకరం కనబడం. డాలీతో రేకు మీద ఒకసారి తడితే ఇంకా కొట్టమని. రెండుసార్లయితే బాగుందని. మూడుసార్లయితే పాడైంది, తీసెయ్యమని. బయటివాడు చూడలేడు, లోపలి మనిషి చెప్పిందే నమ్ముతాడు. నా చెవులతో దీనికి పని లేదు.

మొదటిరోజు గోదాము తలుపు తీశారు. పైకప్పు సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా దాని మీద పడుతోంది. ఈ కొస నుంచి ఆ కొసకి నూటపది అడుగుల రెక్క. నేను చెప్పులు విడిచేశాను. ఎందుకో నాకే తెలియదు.

నిమాయ్ నవ్వాడు. “వేణీదీ, ఇది గుడి కాదు. మేకులు గుచ్చుకుంటాయి, తొడుక్కోండి.”

తొడుక్కున్నాను.

ఆరోగ్యం చూసుకో.

అప్ప
సత్యవేణి



పలాస,
జూన్ 22

అప్పా!

ఓలమ్మో, ఏటప్పా ఇది! నీ ఈడు ఆడవాళ్ళు కాశీ పోతారు, తిరపతి పోతారు. నువ్వు విమానం కడుపులోకి పోతన్నావా? మా జీడిపప్పు బట్టీలో అందరికీ చదివి వినిపించాను. కాసులమ్మ పిన్ని పప్పు వలవడం ఆపేసి, “మీ అప్ప పైలట్టయిపోనాదేటే?” అంది. కాదు పిన్నీ, లోపల దూరి సుత్తి కొడతాది అన్నాను. “అయితే మన పనే గదే, డొల్లలోంచి పప్పు తియ్యడమే” అంది. అందరూ ఒకటే నవ్వు.

నవ్వు సరే. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అది బాంబులేసే విమానం అని నువ్వే రాశావు. గురవయ్య తాత ఎలాగ పోయాడో మరిచిపోయావేటి? కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవు డాకులో పట్టపగలు బస్తా మోస్తుంటే పైనుంచి బాంబు పడింది. నాన్నకి అప్పుడు అయిదేళ్ళు. దహనం చెయ్యడానికి ఏమీ దొరకలేదని నానమ్మ చచ్చేదాకా చెప్పింది. ఆ విమానం జపానోడిది, ఇది మన వైపుది అంటావు. నాకు తెలుసు నువ్వు అదే అంటావు. బాంబుకి వైపేటప్పా?

పొద్దున లేస్తే సహస్రనామం చదివే మనిషివి. ఆ నోటితో నామం, ఆ చేత్తో దీనికి రివెట్టు. నాకు మింగుడు పడటం లేదు.

ఇంకొకటి. అమ్మ కుంకుమ భరిణె నాకు పంపిస్తానని రెండేళ్ళయింది. ఇత్తడిదే కదా, బంగారమేటి? ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపు.

నీ మీద బెంగతో,
రోజా



లిలువా,
ఆగస్టు 4

రోజాకి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. జవాబు దొరికాక రాద్దామని ఆగాను. ఇక ఆగలేక రాస్తున్నాను.

నువ్వడిగింది నేనూ అడుక్కున్నాను. దాని కడుపు మధ్యలో బాంబులు వేలాడదీసే గది ఉంది. అందులో నిలబడితే కాళ్ళ కింద నేల ఉండదు, తలుపులు తెరిచి ఉంటాయి. నడవడానికి ఒక జానెడు బద్దె. మొదటిసారి దాని మీద నడిచిన రోజు ఇంటికొచ్చి తలస్నానం చేశాను. రెండోసారి చెయ్యలేదు.

తాత ఆ మధ్యాహ్నం తలెత్తి చూసే ఉంటాడు రోజా. అంతకుముందు అంత దగ్గరగా విమానాన్ని చూసి ఉండడు. పరిగెత్తే ముందు ఒక్క క్షణమైనా, ఎంత బాగుందో అనుకుని ఉంటాడా? ఈ ఆలోచన పాపమో కాదో నాకు తెలియదు. రెక్కలో పడుకుని డాలీ పట్టినప్పుడల్లా వస్తోంది.

రెక్క లోపల ఎలా ఉంటుందో చెప్తాను. చీకటి. చిన్న బల్బు తీసుకుని పాకుతూ వెళ్ళాలి. సన్నటి పక్కటెముకలు వరసగా. ఒక్కో ఎముకకీ బరువు తగ్గించడానికి గుండ్రటి చిల్లులు, ఆ చిల్లుల్లోంచి ఉక్కు తీగలు. ఎక్కడా ఒక్క అంగుళం అనవసరంగా లేదు. ఎనభై ఏళ్ళ కిందట దీన్ని కట్టిన కార్ఖానాలో ఎవరో ఆడమనిషి ఒక ఎముక మీద పెన్సిలుతో గీతలు పెట్టి లెక్క వేసుకుంది. ఆడమనిషి అని ఎలా తెలుసంటావా? పక్కనే లిప్‌స్టిక్ రాసిన పెదవుల గుర్తు. సన్యాల్ బాబు దాన్ని తుడవనివ్వలేదు, పైన వార్నిష్ పూయించాడు.

ఆయన మాట తక్కువ మనిషి. నాకు సరిపోయింది. పొద్దున్నే పనిముట్ల బోర్డు ముందు నిలబడతాడు. ప్రతి పనిముట్టుకీ బోర్డు మీద దాని ఆకారం ఎర్ర రంగుతో గీసి ఉంటుంది. సాయంత్రం ఒక్క ఎర్ర ఆకారం ఖాళీగా కనిపించినా, అది విమానం లోపల ఉండిపోయిందేమో అని ఎవరూ ఇంటికి వెళ్ళరు. పోయిన నెల ఒక చిన్న స్క్రూ డ్రైవరు కోసం రెండు గంటలు వెతికాం. చివరికి అది ఆయన జేబులోనే ఉంది. రోజూ పని వివరాలు రాసే పుస్తకంలో తన పేరే రాసుకున్నాడు, తప్పు అని.

తేదీ పెట్టారు. సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ రోజు ఇంజన్లు తిప్పుతారు. బోర్డు మీద సుద్దతో రాశారు. ఇరవైన ఆయన పుణె వెళ్ళిపోతున్నాడు. గుండె ఆపరేషను. కూతురు అక్కడే డాక్టరు, ఇక ప్రయాణాలు పెట్టుకోవద్దని చెప్పేసింది. అంటే ఆ మూడు రోజుల లోపల విన్నదే వినడం.

భరిణె సంగతి మరిచిపోలేదు.

అప్ప



లిలువా,
సెప్టెంబరు 1

రోజా,

తప్పు చేశాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇరవై ఎనిమిదిన ఎడమ రెక్క చివరి రేకు మూశాం. అక్కడ మనిషి పట్టడు. చెయ్యి పట్టేందుకు రేకులో వదిలిన చిన్న కిటికీలోంచి భుజం దాకా చెయ్యి పెట్టి డాలీ పట్టాలి. వర్క్‌షాపులో నాన్న ఏం చేసేవాడో నీకు తెలుసు. వాగన్ ఆఖరి రేకు మూసేముందు లోపల చిటికెడు కుంకుమ వేసేవాడు. నేనూ ముప్పై ఏళ్ళు వేశాను. ఈసారి చిటికెడు చాలదనిపించింది. నువ్వు రాసిన మాట లోపల మెదులుతూనే ఉంది. ఇది చంపడానికి పుట్టింది, శాంతించాలి అనుకున్నాను. అమ్మ భరిణె చెంగున కట్టుకుని వెళ్ళి, మూతతో సహా ఎముక మీద పెట్టాను. నీకు పంపవలసిన వస్తువు అది. నిన్ను అడగలేదు.

నిమాయ్ కొట్టాడు. నేను రెండుసార్లు తట్టాను. బాగుందని.

ఆ సాయంత్రం బోర్డు మీద అన్ని ఆకారాలూ నిండి ఉన్నాయి. సన్యాల్ బాబు చూసి, “అన్నీ వచ్చాయి. లోపల ఏమీ లేదు” అని పుస్తకంలో రాశాడు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. వాగన్‌లో కుంకుమ పొడి. ఇక్కడ గుండ్రటి ఇత్తడి భరిణె, దాని పక్కనే గాలిలో విమానాన్ని పక్కకి వంచే తీగలు, వాటి గిలకలు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళి కిటికీలో చెయ్యి పెట్టాను. పెట్టిన చోట లేదు. భుజం నొప్పెట్టేదాకా తడిమాను. రివెట్ల అదురుకే ఎక్కడికో దొర్లిపోయింది.

చెప్తే రెండు రేకులు విప్పాలి. మళ్ళీ వెయ్యాలంటే నెల పైన పడుతుంది. పదిహేడు పోతుంది. పన్నెండేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆ చప్పుడు వినకుండా వెళ్ళిపోతాడు, నా వల్ల.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

నాలుగు రోజులుగా నామం సగంలో తప్పిపోతోంది.

అప్ప



పలాస,
సెప్టెంబరు 6

అప్పా,

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

ముందు తిట్టేస్తాను. అమ్మ భరిణె! నాకిస్తానన్న భరిణె! పట్టుకెళ్ళి ఆ ఇనప గద్ద రెక్కలో పెట్టావా? చిన్నప్పుడు నా రిబ్బన్లు అమ్మవారికి కట్టేసినప్పుడే అనుకున్నాను, నీ భక్తికి ఎప్పుడూ నా సొమ్మే కావాల.

తిట్టడం అయింది. ఇప్పుడు విను. చెప్పకు.

అది ఎగరదు కదా. ఎగరని దానికి తీగేటి, గిలకేటి? నాలుగు నిమిషాలు గుర్రుమని ఆగిపోతాది. అందులో ఒక భరిణె ఉంటే ఎవడి ప్రాణం పోతాది? ఆ ముసలాయన చప్పుడు విని సంతోషంగా ఆపరేషనుకి పోతాడు. ఆయన పోయాక మెల్లిగా చెప్పుకో, విప్పుకోండి. దేవుడు కూడా ఒప్పుకుంటాడు. మంచికి చెప్పిన అబద్ధం కూడా కాదు ఇది, ఊరుకోవడం.

భరిణె నాకొద్దు. ఇచ్చేశాననుకో. నా మీద ఒట్టు, నోరు విప్పకు. నువ్వు ఈ ఒక్కసారి ఊరుకుంటే నీ కొంప మునగదు.

నీ చెల్లి
రోజా



పలాస,
అక్టోబరు 14

అప్పకి,

నెల దాటిపోయింది. దసరా కూడా అయిపోయింది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే ఎత్తి, “బాగానే ఉన్నాను, రాస్తాను” అని పెట్టేస్తున్నావు. నేను అరిచింది నీకు వినపడలేదని నాకు తెలుసు.

చెప్పేశావు కదూ.

ఒట్టు పెట్టినందుకు నాకే నిద్ర పట్టలేదు. మొన్న బట్టీలో ఒక పప్పు లోపల పురుగు ఉంది. పైకి ఏమీ లేదు, తెల్లగా ఉంది. కాసులమ్మ పిన్ని చేతిలో పట్టుకుని, బరువు చూసి, పక్కన పడేసింది. ఎలా తెలిసింది పిన్నీ అన్నాను. “తెలిసినాక మంచి పప్పులో కలిపితే నా చెయ్యి నా మాట వినదే” అంది. ఆ ఒక్క పప్పు ఎవరు చూడొచ్చారు? అయినా పడేసింది. నీకు రాసిన ఉత్తరం గుర్తొచ్చి సిగ్గేసింది.

వాళ్ళు నిన్ను మానిపించేశారేటి? ఆ పెద్దాయన ఏమన్నాడు? తిట్టాడా? తిడితే నాకు రాయి. వాళ్ళ బంగ్లా భాష రాకపోయినా తిరిగి తిట్టడం నాకొచ్చు.

రోజా



లిలువా,
అక్టోబరు 27

రోజా తల్లికి,

నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. నీకేమీ కాదు. ఆలస్యానికి మన్నించు. నిన్నటిదాకా రాయడానికి ఏమీ పూర్తి కాలేదు.

సెప్టెంబరు తొమ్మిదో తేదీన చెప్పాను. నీ ఉత్తరం అందింది, చదివాను, బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను. ఊరుకుందామనే వెళ్ళాను. ఆ రోజు నిమాయ్ కుడి రెక్క మీద కొడుతున్నాడు. నేను లోపల ఉన్నాను. రివెట్టు బాగా కూర్చుంది. రెండుసార్లు తట్టాలి. చెయ్యి లేవలేదు. బయట నిమాయ్ ఎదురుచూస్తున్నాడు. కొంతసేపటికి రేకు మీద అరచేత్తో కొట్టాడు, బతికే ఉన్నారా అన్నట్టు. పాకుతూ బయటికి వచ్చేశాను.

సన్యాల్ బాబు టీ తాగుతున్నాడు. ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. నా బంగ్లా నీకు తెలుసు కదా, భయంలో ఇంకా తగ్గింది. ఆయన కాగితం తీసి రాయమన్నాడు. నేను బొమ్మ గీశాను. రెక్క, ఎముక, భరిణె.

నిమాయ్ నెత్తి పట్టుకున్నాడు. “వేణీదీ! మీ ఊళ్ళో కుంకుమ పెట్టకుండా కుక్కరు కూడా మూయరా?”

ఎవరూ నవ్వలేదు. పాపం, నవ్వించాలనే అన్నాడు.

తీగ చివర చిన్న కెమెరా కట్టి లోపలికి పంపారు. ఫోన్ తెర మీద చూశాం. అమ్మ భరిణె పెట్టిన చోటు నుంచి నాలుగు అడుగులు దొర్లి, గిలకకీ ఉక్కు తీగకీ మధ్య సరిగ్గా ఇరుక్కుని ఉంది. మూత ఊడలేదు. కొక్కెంతో లాగబోతే ఇంకా బిగిసింది. ఎగరదు కదా అన్నావు. ఇంజన్ల అదురుకి అక్కడ తీగ తెగితే కొరడాలా కొడుతుందట. ఇంజన్లు తిప్పేటప్పుడు ఆ రెక్క కింద నిప్పులార్పే సిలిండరు పట్టుకుని నిలబడవలసింది నిమాయే.

సన్యాల్ బాబు లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. పదిహేడు అని రాసి ఉన్నదాన్ని చొక్కా చేతితో తుడిచాడు. నా వైపు తిరిగి, నాకు అందేలా పెదవులు కదుపుతూ మెల్లిగా అన్నాడు.

“నాకు కోపం లేదనుకోకు. ఉంది. చాలా ఉంది. దాన్ని నాతో పుణె తీసుకుపోతాను. నువ్వు రేకు విప్పు.”

మూడువందల పన్నెండు రివెట్లు. ఒక్కోదాని తల డ్రిల్లుతో తీసి, తోక లోపల పడకుండా పట్టుకోవాలి. నేనే పట్టాను. ఆరు రోజులు పట్టింది. భరిణె చేతికొచ్చినప్పుడు ఆయన తీసుకుని, మూత తెరిచి చూసి, ఎవరిదని అడిగాడు. అమ్మదన్నాను. ఎందుకు పెట్టావన్నాడు. తాత గురించి చెప్పాను. ఆయన మూత పెట్టి నా చేతికిచ్చాడు. దసరాకి ముందే పార్సిల్ చేశాను. ఈపాటికి నీకు అంది ఉండాలి. అందకపోతే రాయి, పోస్టాఫీసులో అడుగుతాను.

మర్నాడే ప్రయాణం కాబట్టి పంతొమ్మిదో తేదీ సాయంత్రం ఆయన అందరికీ చెప్పి ఇంటికి బయలుదేరాడు. రెక్క విప్పి ఉంది, పక్షికి తోలు ఒలిచినట్టు. నేను ఎదురుగా వెళ్ళలేక ఇంజను వెనక నిలబడ్డాను. వెతుక్కుంటూ వచ్చాడు. పుస్తకం నా చేతిలో పెట్టి పేజీ తిప్పి చూపించాడు. లోపల చూసినవారి సంతకం అని ఒక గడి ఉంటుంది. పన్నెండేళ్ళుగా అందులో ఆయన పేరే. కింద రాసి ఉంది. ఇకమీదట ఈ గడిలో సత్యవేణి సంతకం లేనిదే ఏ ఇంజనూ తిరగకూడదు.

పుస్తకం తిరిగి ఆయనకే చాచాను. “బాబూ, తప్పు చేసినది నేను” అన్నాను.

“ఇక్కడున్నవాళ్ళందరూ మంచి పనివాళ్ళే” అన్నాడు. “వాళ్ళు తప్పు చేస్తే చెప్తారో లేదో నాకు తెలియదు. నీ గురించి తెలిసింది.”

కారు ఎక్కేశాడు. వెనక్కి తిరిగి విమానాన్ని చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు.

నిన్న ఇంజన్లు తిప్పాం.

పొద్దున ఆరింటికి గోదాము నుంచి మిల్లు మైదానంలోకి లాగారు. ఆకాశం కింద దాన్ని నేను చూడటం అదే మొదలు. అంతవరకూ అది ఎంత పెద్దదో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. ముందు ప్రొపెల్లర్లను చేత్తో తిప్పాలి, అడుగున చేరిన నూనె పోవడానికి. ఒక్కో ప్రొపెల్లర్ రెక్కకి ఇద్దరు. నేనూ తోశాను. లోపల ఏదో బరువుగా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదిలింది.

టార్చి వేసి అన్ని కిటికీల్లోంచీ చూశాను. మళ్ళీ చూశాను. గడిలో సంతకం పెట్టాను, తెలుగులో. పైలట్ సీట్లో ఒక రిటైరైన ఆఫీసరు కూర్చున్నారు. నేను ముందుకు వెళ్ళి చెయ్యి పైకెత్తాను.

ఎప్పుడూ మూడో ఇంజను ముందు తిప్పాలట. ప్రొపెల్లర్ ఒక్కో రెక్కా లెక్కపెట్టుకున్నట్టు తిరిగింది. తెల్లటి పొగ మేఘంలా వచ్చి మనుషులందరినీ కప్పేసింది. పొగ విడేసరికి ప్రొపెల్లర్ రెక్కలు లేవు. గాలిలో ఒక వెండి చక్రం ఉంది, దాని వెనక చెట్లు కనిపిస్తున్నాయి. తరవాత నాలుగోది. రెండోది కాస్త ఆగి అందుకుంది. ఆఖరున మొదటిది.

రోజా, నాకు వినిపించింది. చెవులతో కాదు. అరికాళ్ళ నుంచి వచ్చింది. మోకాళ్ళు, కడుపు, పళ్ళు, అన్నీ విన్నాయి. మైదానంలో గడ్డి మొత్తం నేలకి వంగిపోయింది. గంగ ఒడ్డు నుంచి కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. నిమాయ్ రెక్క కింద సిలిండరు పట్టుకుని ఏడుస్తున్నాడు, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇంజన్లు తిరిగిన నాలుగు నిమిషాలూ నా నోట్లో నామం లేదు. పని దగ్గర నామం ఆగడం నాకు బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఇంటికొచ్చి దీపం పెడుతుంటే గుర్తొచ్చింది. తప్పని అనిపించలేదు.

నిమాయ్ వీడియో తీయించి పుణె పంపాడు. ఆపరేషను బాగా అయింది, లేచి కూర్చుంటున్నారట. గంటలో జవాబు వచ్చింది. బాగుందనీ లేదు, సంతోషమనీ లేదు. “రెండో ఇంజను మూడు సెకన్లు ఆలస్యం. ఎందుకు? సంతకం పెట్టినవారు రాయాలి.”

ఫోన్‌లో అక్షరాలు కొట్టడం నాకు రాదు కదా. కాగితం మీద రాశాను, నిమాయ్ ఫోటో తీసి పంపాడు. “కారణం ఇంకా తెలియదు. విప్పి చూసి చెప్తాను. సత్యవేణి.”

ఇవాళ పొద్దున జవాబు వచ్చింది. నిమాయ్ పరిగెత్తుకుంటూ వచ్చి ఫోన్ నా ముఖానికి ఆనించాడు.

“పుణెలో చలి మొదలైంది. కోపం కొంచెం తగ్గింది.”

రేపు రెండో ఇంజను విప్పుతున్నాం.

ఎప్పటికీ నీ
అప్ప